పదో తరగతి తరువాత: డెల్టా రైతు బిడ్డ గ్రూపు ఎంపికలో విస్తరణ పాత్ర

మినుము చేనులో పల్లాకు తెగులు కనిపిస్తే ఎవరిని అడగాలో కృష్ణా డెల్టా రైతుకు తెలుసు. ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉన్నది. గరికపాడులోను, ఘంటసాలలోను కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. జిల్లాకొక ఏరువాక కేంద్రం ఉన్నది. అదే రైతు ఇంట్లో పదో తరగతి చదువుతున్న బిడ్డను ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపులో చేర్చాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం అడగడానికి ఎవరూ కనిపించరు. అడగకుండానే వచ్చి చెప్పేవారు ఒకరున్నారు. విజయవాడ చుట్టుపక్కల రెసిడెన్షియల్ కళాశాలల పీఆర్వోలు పబ్లిక్ పరీక్షలు మొదలు కాకముందే గ్రామాలకు వచ్చి, ఇల్లిల్లూ తిరిగి, ఫీజులో రాయితీ చెప్పి, సీటు ఖాయం చేసి వెళ్తారు. వారికి తమ కళాశాలలోని రెండు గ్రూపులు నిండడం అవసరం. ఆ బిడ్డ రానున్న నలభై ఏళ్లలో ఏమి చేయగలదన్నది వారి లెక్కలోకి రాదు.

ఈ ఖాళీని విస్తరణ శాస్త్రవేత్తలు తమకు సంబంధించని విషయంగా చూస్తూ వచ్చారు. పంట సలహా తమ పని, చదువు సలహా విద్యాశాఖ పని అన్న విభజన పైకి సహేతుకంగానే కనిపిస్తుంది. కానీ వ్యవసాయ విద్యలోకి ఎవరు వస్తారు, ఏ సన్నద్ధతతో వస్తారు, ఇష్టపడి వస్తారా, మరొకటి దొరకక వస్తారా అన్నవి పదిహేనేళ్ల వయసులో జరిగే ఈ ఒక్క నిర్ణయంతోనే చాలావరకు తేలిపోతున్నాయి. కాబట్టి ఇది వ్యవసాయ విశ్వవిద్యాలయానికి బయటి విషయం కాదు.

రెండు మాటలుగా కుదించుకుపోయిన ఎంపిక

ఆంధ్రప్రదేశ్‌లో పీయూసీ స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ 1969-70 నుంచి అమలులోకి వచ్చింది. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడింది. ఎం.పి.సి., బై.పి.సి., ఎం.ఇ.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అన్న గ్రూపులు రెండు తరాల తెలుగు కుటుంబాలకు ఇంటిమాటలయ్యాయి. వీటికి తోడు వృత్తివిద్యా కోర్సులు కూడా ఉన్నాయి. అయితే కాగితం మీద ఉన్న ఈ వైవిధ్యం ఆచరణలో రెండు మాటలకు కుదించుకుపోయింది. లెక్కలు వచ్చినవారు ఎం.పి.సి., లెక్కలంటే భయపడేవారు బై.పి.సి. మిగిలిన గ్రూపులు మార్కులు రానివారికని ఊరు తీర్మానించింది.

విజయవాడ చదువుల కేంద్రంగా ఎదిగిన తీరుకు ఇందులో భాగం ఉన్నది. 1937లో ఏర్పడిన ఎస్.ఆర్.ఆర్. కళాశాల, 1953లో స్థాపితమైన ఆంధ్ర లొయోలా కళాశాల డెల్టా రైతు కుటుంబాలలోని మొదటి తరం పట్టభద్రులను తయారుచేశాయి. ఆనాడు కళ, వాణిజ్య, విజ్ఞాన శాస్త్రాలు మూడింటికీ గౌరవం ఉండేది. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల మొదలయిన తరువాత, ఎంసెట్ వచ్చిన తరువాత, చదువుకు అర్థం ర్యాంకుగా మారింది. ర్యాంకు తెచ్చిపెట్టే రెండు గ్రూపుల చుట్టూ వసతి గృహాలతో కూడిన కళాశాలలు గొల్లపూడి, ఈడుపుగల్లు, గూడవల్లి, నిడమానూరు వైపు వరుసగా వెలిశాయి. డెల్టా మాగాణి మిగులు ఈ చదువులకు పెట్టుబడి అయింది. అమెరికాలో స్థిరపడిన డెల్టా బిడ్డల విజయం ఆ పెట్టుబడి వృథా కాలేదని చూపింది. అందువల్ల ఆ దారిని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ దారి తప్ప మరొకటి లేదన్న నమ్మకాన్నే ప్రశ్నించవలసి ఉన్నది.

విచిత్రమేమంటే, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎవరి పేరు ధరించినదో ఆ ఆచార్య రంగా చదివింది అర్థశాస్త్రం. నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం అభ్యసించి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అదే శాస్త్రాన్ని బోధించి, తరువాత రైతు ఉద్యమాన్ని నిర్మించి, నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయాన్ని నెలకొల్పారు. నేటి లెక్కలో ఆయన చదువు 'మార్కులు రానివారి' గ్రూపు కిందికి వస్తుంది. వ్యవసాయానికి పనికివచ్చే చదువు ఒకే గ్రూపులో ఉన్నదన్న భావన ఎంత ఇరుకైనదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఏ ద్వారం ఎక్కడ మూసుకుంటుంది

గ్రూపు ఎంపిక వేళ తల్లిదండ్రులకు ఎక్కువగా తెలిసేది ఏ గ్రూపు ఏ ద్వారాన్ని తెరుస్తుందన్నది. ఏ ద్వారాన్ని మూసివేస్తుందన్నది ఎవరూ చెప్పరు. రాష్ట్రంలో వ్యవసాయ, ఉద్యాన, మత్స్య శాస్త్రాల డిగ్రీలలో ప్రవేశం ఈఏపీసెట్ జీవశాస్త్ర విభాగం ర్యాంకుతో జరుగుతుంది. పశువైద్యానికి నీట్ ర్యాంకు అవసరం. వ్యవసాయ ఇంజనీరింగ్‌కు ఎం.పి.సి. కావాలి. అంటే, పదిహేనేళ్ల వయసులో ఎం.పి.సి.లో చేరిన రైతు బిడ్డకు బాపట్లలోని వ్యవసాయ కళాశాల ద్వారం మూసుకుపోయి, అదే ఊళ్లోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ద్వారం తెరుచుకుంటుంది. ఈ రెండు కళాశాలల మధ్య నడిచి వెళ్లగలిగినంత దూరమే ఉన్నా, రెండింటి మధ్య ఎంపిక ఇంటర్మీడియట్ దరఖాస్తు నింపిన రోజునే జరిగిపోయిందని ఆ కుటుంబానికి రెండేళ్ల తరువాత గాని తెలియదు.

బై.పి.సి. వైపు ఉన్న ఇబ్బంది వేరు. ఆ గ్రూపులో చేరేవారిలో అత్యధికుల కన్ను వైద్య విద్య మీద ఉంటుంది. కళాశాల సమయసారిణి మొత్తం నీట్ చుట్టూ తిరుగుతుంది. ఒకసారి, కొందరు రెండు మూడుసార్లు రాసి, సీటు రాక, వ్యవసాయంలోనో ఉద్యానంలోనో చేరతారు. వారిలో చాలామంది తరువాత ఆ శాస్త్రాన్ని ప్రేమించి గొప్పగా రాణిస్తారన్నది నిజమే. కానీ మొదటి సంవత్సరం తరగతిలో ఓడిపోయి వచ్చామన్న భావంతో కూర్చునే విద్యార్థులను ప్రతి అధ్యాపకుడూ చూసి ఉంటారు. వారి ముందు పదిహేనేళ్ల వయసులో వ్యవసాయం ఒక మొదటి ఎంపికగా ఎవరైనా పెట్టి ఉంటే ఆ భావం పుట్టేదే కాదు.

మూడో ద్వారం గురించి చాలా గ్రామాల్లో మాటే లేదు. పదో తరగతి తరువాత నేరుగా చేరదగిన రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉన్నది. ఉద్యాన, పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లు కూడా ఉన్నాయి. వ్యవసాయ డిప్లొమా పూర్తిచేసినవారు అగ్రిసెట్ రాసి బి.ఎస్సీ. వ్యవసాయ డిగ్రీలో చేరే వీలున్నది. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు వ్యవసాయ, ఉద్యాన, మత్స్య, పశుసంవర్ధక సహాయకుల పోస్టులు వచ్చి ఈ డిప్లొమాల విలువ ఊళ్లలో ప్రత్యక్షంగా కనిపించింది. రెసిడెన్షియల్ కళాశాల ఫీజుతో పోలిస్తే ఈ మార్గం ఖర్చు తక్కువ. కౌలు రైతు కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ మార్గానికి ఉన్న పరిమితి కూడా చెప్పి తీరాలి. డిప్లొమా నుంచి డిగ్రీకి వెళ్లే సీట్లు పరిమితం. డిప్లొమాలో చేరిన విద్యార్థి ఇంటర్మీడియట్ ద్వారా వెళ్లే ఇతర దారులను వదులుకున్నట్లే. సగం చెప్పి పంపే సలహా పీఆర్వో సలహా కంటే మెరుగైనది కాదు.

డెల్టా పొలం అడిగే చదువు

ఏ గ్రూపు మంచిదన్న ప్రశ్నను కళాశాల గుమ్మంలో కాకుండా పొలం గట్టున నిలబడి అడిగితే సమాధానం మారుతుంది. ప్రకాశం బ్యారేజీ కింద ఉన్న సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టులో నేడు పరిష్కారం కోరుతున్న సమస్యలు ఒక గ్రూపు పరిధిలో ఇమిడేవి కావు.

నీటి విషయమే చూడవచ్చు. కాలువలో ఒక క్యూసెక్కు నీరు 24 గంటలు పారితే దాదాపు రెండు ఎకరాలపై ఒక అడుగు ఎత్తున నిలిచేంత నీరవుతుంది. ఈ చిన్న లెక్క తెలిసినవారికి కాలువ చివరి భూములకు నీరు ఎందుకు అందడం లేదో, వంతుల వారీ విడుదలలో ఎవరికి ఎంత రావాలో అర్థమవుతుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలై గోదావరి నీరు డెల్టాకు చేరడంతో నీటి లెక్కలు మరింత సంక్లిష్టమయ్యాయి. ఇక్కడ గణితం రాని వ్యవసాయ పట్టభద్రుడు చేయగలిగింది తక్కువ.

ఎరువుల విషయంలోనూ అంతే. ఎకరాకు 40 కిలోల నత్రజని ఇవ్వాలంటే 46 శాతం నత్రజని ఉన్న యూరియా దాదాపు 87 కిలోలు కావాలి. ఈ భాగహారం బై.పి.సి. విద్యార్థికి కష్టమేమీ కాదు. కానీ ఆ 40 కిలోలు ఎందుకు, 60 ఎందుకు కాదన్న ప్రశ్నకు జవాబు క్షేత్ర ప్రయోగాల గణాంక విశ్లేషణలో ఉన్నది. లెక్కలంటే భయపడి జీవశాస్త్రం తీసుకున్న విద్యార్థికి డిగ్రీలో గణాంకశాస్త్రం ఎదురైనప్పుడు ఆ పాత భయమే తిరిగి వస్తుంది.

ఇటు ఎం.పి.సి. చదివి యంత్రాల వైపు వెళ్లినవారి పరిస్థితి చూస్తే, డ్రోన్‌తో మందు చల్లడం డెల్టాలో వేగంగా వ్యాపిస్తున్నది. డ్రోన్ ఎంత ఎత్తున ఎగరాలి, బిందువు ఎంత సన్నగా ఉండాలి అన్నవి ఇంజనీరింగ్ ప్రశ్నలుగా కనిపిస్తాయి. కానీ వరిలో సుడిదోమ ఆకు మీద కాక దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. పైనుంచి పడిన మందు అక్కడిదాకా చేరకపోతే ఖర్చు పెరిగి పురుగు మిగులుతుంది. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయమని శాస్త్రవేత్తలు ఎందుకు చెబుతున్నారో జీవశాస్త్రం తెలిసిన ఇంజనీరుకే పూర్తిగా బోధపడుతుంది.

కైకలూరు, ముదినేపల్లి, కృత్తివెన్ను ప్రాంతాలలో వరిపొలాలు చెరువులయ్యాయి. అక్కడ తెల్లవారుజామున నీటిలో కరిగిన ప్రాణవాయువు పడిపోయి చేపలు పైకి తేలుతుంటే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ ఒకే గట్టు మీద కలుస్తాయి. పక్క పొలానికి ఊరే ఉప్పునీటి తగాదా తీర్చడానికి ఈ మూడూ చాలవు. అక్కడ చట్టం, అర్థశాస్త్రం, పంచాయతీ పరిపాలన తెలిసినవారు కావాలి. నున్న మామిడి మార్కెట్‌లో ధర ఎలా నిర్ణయమవుతున్నదో, ఊరి పాలకేంద్రం నుంచి జిల్లా పాల సమాఖ్య వరకు రూపాయి ఎలా ప్రయాణిస్తున్నదో, రైతు ఉత్పత్తిదారుల సంస్థ జమాఖర్చుల పుస్తకం ఎలా నిలవాలో తెలిసినవారు సి.ఇ.సి., ఎం.ఇ.సి. గ్రూపుల నుంచి రావలసినవారు. డెల్టాలో ఎన్నో ఉత్పత్తిదారుల సంస్థలు పంట పండించలేక కాదు, పుస్తకాలు రాయలేక నీరసిస్తున్నాయి. ఆనంద్‌లో 1979 నుంచి నడుస్తున్న గ్రామీణ యాజమాన్య సంస్థ ఇర్మా ఏ డిగ్రీ చదివినవారినైనా చేర్చుకొని సహకార రంగానికి పంపుతున్నది. వాణిజ్య శాస్త్రం చదివే రైతు బిడ్డకు ఆ పేరు తెలియజేసేవారు గ్రామంలో లేరు.

భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఐదవ డీన్ల కమిటీ రూపొందించిన పాఠ్యప్రణాళికలో ఇంటర్మీడియట్‌లో గణితం చదవనివారికి ప్రాథమిక గణితం, జీవశాస్త్రం చదవనివారికి జీవశాస్త్ర పరిచయం బోధించే ఏర్పాటు ఉన్నది. రెండు గ్రూపులలో ఏదీ వ్యవసాయ శాస్త్రానికి తనంతట తాను చాలదని ఆ ఏర్పాటే అంగీకరిస్తున్నది.

భాష అనే మరచిన అంశం

గ్రూపుతో పాటు జరిగే మరో ఎంపికను ఎవరూ ఎంపికగా గుర్తించరు. ద్వితీయ భాషగా తెలుగుకు బదులు సంస్కృతం తీసుకోవడం రెసిడెన్షియల్ కళాశాలల్లో ఏళ్ల తరబడి ఆనవాయితీ అయింది. సంస్కృతం మీద ప్రేమతో తీసుకునేవారిని అభినందించవలసిందే. కానీ అత్యధికులు తీసుకునేది మార్కులు సులువుగా వస్తాయనే. దాని ఫలితం ఎనిమిదేళ్ల తరువాత వ్యవసాయ విస్తరణలో కనిపిస్తుంది. పదో తరగతితో తెలుగు రాయడం ఆపివేసిన విద్యార్థి, ఇంగ్లీషులో డిగ్రీ, పీజీ పూర్తిచేసి శాస్త్రవేత్త అయ్యాక, రైతు చదివే కరపత్రం రాయవలసి వస్తుంది. అప్పుడు వాక్యం కుదరదు. పరిశోధన పత్రంలోని ఇంగ్లీషు వాక్యం తెలుగు లిపిలోకి మారి రైతు చేతికి వెళ్తుంది. 'దుబ్బు', 'పొట్టదశ', 'చిరుపొట్ట', 'అరకపదును' వంటి మాటలు రైతు నోట జీవించి ఉన్నా శాస్త్రవేత్త కలానికి అందవు. రైతు ఆ కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకొని ఎరువుల దుకాణం వైపు నడుస్తాడు.

కాబట్టి వ్యవసాయ వృత్తిలోకి రాదలచిన విద్యార్థికి ద్వితీయ భాషగా తెలుగు ఉంచుకోవడం మార్కుల లెక్కకు మించిన సన్నద్ధత. ఈ మాట పదో తరగతి విద్యార్థికి విద్యాశాఖ అధికారి చెబితే ఉపదేశంలా ఉంటుంది. రోజూ రైతులతో మాట్లాడే శాస్త్రవేత్త చెబితే అది అనుభవం అవుతుంది.

ఎం.బై.పి.సి.తో చిక్కు తీరినట్లేనా

2025-26 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ విద్యామండలి గణితాన్ని, జీవశాస్త్రాన్ని కలిపి చదివే అవకాశం కల్పించింది. 2020 జాతీయ విద్యావిధానం కోరిన సరళత్వానికి ఇది అనుగుణమైనది. పైన చెప్పిన రెండు ద్వారాలనూ తెరిచి ఉంచే మార్గం కాబట్టి వ్యవసాయ విద్యా దృష్టితో చూస్తే స్వాగతించదగినది. ఇక సలహా ఎందుకు, అందరినీ ఇందులో చేర్పిస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపించవచ్చు.

ఆ వాదన నిలవదు. ఒక సబ్జెక్టు అదనంగా చదవడమంటే అదనపు శ్రమ. ఉదయం చీకటితో మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే తరగతుల మధ్య దానికి చోటు ఎక్కడ దొరుకుతుందన్నది ముఖ్యమైన ప్రశ్న. రెండు ప్రవేశ పరీక్షలకూ సిద్ధం కావాలన్న ఒత్తిడి పెడితే, ద్వారాలు తెరిచి ఉంచవలసిన ఏర్పాటు రెట్టింపు భారంగా మారుతుంది. రెండు శాస్త్రాల పట్లా నిజమైన ఆసక్తి ఉన్న విద్యార్థికి ఇది వరం. నిర్ణయం వాయిదా వేయడానికి మాత్రమే తీసుకున్నవారికి ఇది శిక్ష. ఎవరు ఏ కోవకు చెందుతారో తేల్చడానికి మళ్లీ సలహాయే కావాలి.

ఇక్కడ ఒక పోలిక ఉపయోగపడుతుంది. ఉత్తరప్రదేశ్ బోర్డులో ఇంటర్మీడియట్ స్థాయిలో వ్యవసాయం ఒక ప్రధాన వర్గంగా ఉన్నది. తెలుగు రాష్ట్రాలలో అది వృత్తివిద్యా కోర్సుల వరుసలో చేరి, సామాన్య విద్యార్థి కంటికి దూరమైంది. మాగాణి నడిబొడ్డున ఉన్న విజయవాడలో వ్యవసాయాన్ని ఒక శాస్త్రంగా ఇంటర్మీడియట్‌లో చదవగలిగే విద్యార్థులు అరుదు. ఐచ్ఛికాల జాబితా మారుతున్న ఈ సమయంలోనే వ్యవసాయ శాస్త్రాన్ని సామాన్య ఐచ్ఛికంగా చేర్చే ప్రతిపాదనను విశ్వవిద్యాలయం మండలి ముందుంచడం సముచితం.

తల్లిదండ్రుల మాటలోని న్యాయం

ఈ సలహాలన్నీ విన్న తరువాత డెల్టా రైతు అడిగే ప్రశ్న ఒకటున్నది. తాము బురదలో పడ్డ పాట్లు చాలవా, పిల్లలను కూడా అందులోకే దింపమంటారా అని. ఈ ప్రశ్నను వెనుకబాటుతనంగా కొట్టివేసే హక్కు ఎవరికీ లేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో మిచాంగ్ తుపాను తీరం దాటినప్పుడు కోసి పనల మీద ఉన్న వరి నీళ్ల పాలయింది. కౌలుకు చేసినవారు పంట పోయినా కౌలు చెల్లించవలసి వచ్చింది. అటువంటి ఇంట్లో బిడ్డను వ్యవసాయానికి దూరంగా పంపాలన్న కోరిక భయం నుంచి కాదు, లెక్క నుంచి పుట్టినది.

అయితే వ్యవసాయం చేయడం, వ్యవసాయ శాస్త్రం చదవడం ఒకటి కావు. విత్తన పరిశ్రమ, ఆహార శుద్ధి, బ్యాంకులు, పంటల బీమా, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, మేత, మందుల నాణ్యత పరీక్ష వంటి రంగాలన్నీ ఈ చదువు చుట్టూ ఉన్నాయి. రైతు కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి ఈ రంగాలలో ఒక సహజమైన బలం ఉన్నది. మాగాణిలో మినుము ఎప్పుడు చల్లాలో, పదును అంటే ఏమిటో ఆ బిడ్డకు పుస్తకం తెరవకముందే తెలుసు. గ్రామంలో చదివిన రైతు కుటుంబాల పిల్లలకు వ్యవసాయ డిగ్రీ సీట్లలో ప్రత్యేక కోటా ఉండడానికి కారణం కూడా అదే. ఆ కోటా వివరాలు, దానికి కావలసిన ధ్రువపత్రాలు సకాలంలో తెలియక అర్హత ఉండి కూడా నష్టపోయేవారు ఉంటారు. విస్తరణ సిబ్బంది ఒక్క మాటతో ఆ నష్టాన్ని తప్పించగలరు.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి. వ్యవసాయ డిగ్రీ పేరుతో అన్నిచోట్లా దొరికే కోర్సులన్నీ సమానం కావు. చేరబోయే కళాశాలకు, కోర్సుకు వ్యవసాయ పరిశోధనా మండలి గుర్తింపు ఉన్నదో లేదో చూసుకోకుండా ఫీజు కట్టినవారు నాలుగేళ్ల తరువాత ఉద్యోగ ప్రకటన చదివి నివ్వెరపోతున్నారు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, ప్రభుత్వ ఉద్యోగం హామీ కాదు అన్న నిజాన్ని దాచకుండా చెప్పినప్పుడే విస్తరణ శాస్త్రవేత్త మాటకు విలువ నిలుస్తుంది.

విస్తరణ వ్యవస్థ చేయదగినది

ఇందుకు కొత్త పథకం గాని, కొత్త నిధులు గాని అవసరం లేదు. ఉన్న పనులకు చిన్న చేర్పులు చాలు.

మొదటిది, గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో భాగంగా ఖరీఫ్‌లో గ్రామాల్లో ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు ఉన్నత పాఠశాలలో ఒక పూట గడపడం. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వారు అన్నలు, అక్కల వరస. ఏ గ్రూపు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, ఎక్కడ పొరపడ్డారు అని వారు చెప్పే మాటను ఏ ప్రకటనా మించలేదు. పీఆర్వోలు రాకముందే ఆ మాట చేరుతుంది కూడా.

రెండవది, జనవరి నుంచి మే వరకు జరిగే రైతు సదస్సులలో చివరి పావుగంట చదువుల ప్రశ్నలకు కేటాయించడం. మినుము చేను చూడడానికి వచ్చిన శాస్త్రవేత్తను రైతు ఎలాగూ గట్టు దిగుతూ ఈ ప్రశ్న అడుగుతాడు. దానికి సిద్ధమైన జవాబు ఉండడం మేలు.

మూడవది, ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక గోడపత్రిక. ఏ గ్రూపుతో ఏ కోర్సు, ఏ ప్రవేశ పరీక్ష, ఏ ధ్రువపత్రం, ఏ నెలలో దరఖాస్తు అన్న వివరాలతో పాటు, ఏ గ్రూపుతో ఏ కోర్సు దొరకదో కూడా అందులో ఉండాలి. ప్రవేశ నిబంధనలు ఏటా మారవచ్చు కాబట్టి విశ్వవిద్యాలయమే ఏటా దానిని సరిచూసి పంపాలి.

నాలుగవది, వ్యవసాయ విస్తరణ విభాగంలోని పీజీ విద్యార్థులు ఈ అంశాన్ని పరిశోధనకు తీసుకోవడం. రైతు కుటుంబాలలో గ్రూపు నిర్ణయం ఎవరు చేస్తున్నారు, ఏ సమాచారంతో చేస్తున్నారు, బాలికల విషయంలో ఆ నిర్ణయం ఎలా మారుతున్నది అన్నవి నేరుగా విస్తరణ శాస్త్ర పరిధిలోని ప్రశ్నలే. కొత్త వంగడాన్ని రైతు ఎందుకు స్వీకరిస్తాడో దశాబ్దాలుగా అధ్యయనం చేసిన విభాగానికి, అదే రైతు తన బిడ్డ చదువును ఎలా ఎంచుకుంటాడన్న అధ్యయనం కొత్త విద్య కాదు.

బాపట్లలో బి.పి.టి. 5204, మారుటేరులో స్వర్ణ రూపొందినప్పుడు ఆ రకాలు వాటంతట అవి రైతు పొలానికి నడిచి వెళ్లలేదు. మంచి విత్తనం ఉన్నదని, అది ఏ నేలకు సరిపోతుందో, ఏ నేలకు సరిపోదో ఊరూరా తిరిగి చెప్పినవారు ఉన్నారు. పల్లంలో నిలిచే రకాన్ని మెరకకు సిఫారసు చేయని ఆ జాగ్రత్తే ఇక్కడా కావాలి. ఏ బిడ్డకు ఏ చదువు నప్పుతుందో చూసి చెప్పేవారు లేనప్పుడు, అమ్మేవాడు చెప్పిన రకాన్నే రైతు వేస్తాడు. విత్తనం తప్పితే ఒక పంట పోతుంది, మరుసటి ఏడాది మార్చుకోవచ్చు. గ్రూపు తప్పితే తిరిగి విత్తుకునే అదను ఆ బిడ్డకు అంత తేలికగా రాదు.